మొద్దు మీదికి ముందు చక్రం ఎక్కుతోంది, వెనక చక్రం దగ్గర పడిపోతున్నాను

గొల్లపూడి_200 | నవంబర్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2022 హీరో ఎక్స్‌పల్స్ 200 4వి బైకు. విజయవాడలో ఆఫీసుకి వెళ్లినా, ఆదివారం నందిగామ దగ్గర మా మావయ్య పొలానికి వెళ్లినా అదే బండి. పోయిన వారం మావయ్య సుబాబుల్ కొట్టించాడు. లోడు ఇంకా ఎత్తలేదు, డొంక దారికి అడ్డంగా మొద్దులు పడి ఉన్నాయి. ట్రయల్స్ (కాలు నేలకి దించకుండా మొద్దులు, బండలు దాటే బైకు పోటీలు) వీడియోలు రెండేళ్లుగా చూస్తున్నాను, ఒకటి దాటి చూద్దామనిపించింది. మొద్దు లావు జానెడుకి కాస్త తక్కువే.

ముందు చక్రం సులువుగా ఎక్కి దిగింది. వెంటనే వెనక చక్రం మొద్దుకి తగిలింది, సీటు నన్ను పైకి ఎగరేసింది, బండి ఎడమ పక్కకి పడింది. క్లచ్ లివర్ విరిగింది. ఫుట్‌రెస్ట్ పిక్కకి కొట్టుకుని వాచింది. లివర్ మార్పించి ఇవాళ మళ్లీ మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అదే చోట దెబ్బతిన్నాను. నేను చేస్తున్న తప్పేంటో ఎవరైనా చెప్పగలరా? నాకు ఇది నిజంగా నేర్చుకోవాలని ఉంది.

మంగళగిరి 411 | నవంబర్ 9, రాత్రి 10:05

స్పీడు చాలడం లేదు బ్రదర్. మొద్దు చూసి భయపడి స్లో చేస్తున్నావు. సెకండ్ గేర్‌లో 25, 30 మీద రా, ముందు చక్రం కాస్త లేపు, మిగతాది బండే చూసుకుంటుంది. నేను నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండి మీద కొండవీడు వైపు అలాగే దాటాను.

ఆటోనగర్ రెంచ్ | నవంబర్ 10, ఉదయం 6:50

బాబూ, సీటు ఎగరేసింది అని రాశావు. అంటే నువ్వు కూర్చుని ఉన్నావు, లేదా ముందు చక్రం దిగగానే కూర్చున్నావు. సగం జబ్బు అక్కడే ఉంది. వెనక చక్రం పైకి లేవాల్సిన క్షణంలో నీ ఒళ్లు బరువంతా దాని నెత్తిన పెట్టావు. అది లేవలేక మొద్దుని గుద్దుకుంది, గుద్దుకున్న దెబ్బ నీకు తిరిగొచ్చింది.

రెండోది లివర్ సంగతి. కొత్త లివర్ బిగించేటప్పుడు హోల్డర్ బోల్టులు ప్రాణం పెట్టి బిగించొద్దు. చేత్తో గట్టిగా తిప్పితే హ్యాండిల్ మీద తిరిగేటట్టు ఉంచు. పడ్డప్పుడు లివర్ తిరుగుతుంది, విరగదు. నిలబడి నడిపేటప్పుడు మణికట్టు వంగకుండా లివర్లు కొంచెం కిందికి దించు. ఇది పది నిమిషాల పని, ముందు ఇది చెయ్యి.

గొల్లపూడి_200 | నవంబర్ 10, ఉదయం 8:15

అవునండీ, ముందు చక్రం దిగగానే కూర్చుంటున్నాను. అయిపోయిందిలే అనుకుంటున్నాను అక్కడికి. మీరు రాసేదాకా తట్టలేదు.

బ్రాడీపేట 4/14 | నవంబర్ 10, రాత్రి 11:20

గుంటూరువాడినే, ఉద్యోగం మీద ఆరేళ్లు ఇంగ్లండులో ఉండి వచ్చాను. అక్కడ లీడ్స్ దగ్గర శనాదివారాల్లో ట్రయల్స్ పోటీలు జరిగితే మొదట చూడటానికి వెళ్లేవాణ్ని, తర్వాత పాత బండి ఒకటి కొనుక్కుని నేనూ నేర్చుకున్నాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట ఒక మాట. మీరు వీడియోల్లో చూసే బండి వేరు, మన బండి వేరు. ట్రయల్స్ బండి బరువు 70 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. సీటు ఉండదు, ట్యాంకులో పట్టేది రెండు మూడు లీటర్లే. వెనక టైరులో గాలి 4, 5 పీఎస్‌ఐ మాత్రమే పెడతారు, రబ్బరు మొద్దుని పిడికిలిలా పట్టుకుంటుంది. మీ ఎక్స్‌పల్స్ దాదాపు 158 కిలోలు, అంటే రెండింతల పైన. చక్రాల మధ్య దూరం 1,410 మి.మీ., అదీ ట్రయల్స్ బండి కంటే ఎక్కువ. స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి పదిహేనేళ్లకి పైగా ట్రయల్స్ ఇండోర్, అవుట్‌డోర్ ప్రపంచ టైటిళ్లు రెండూ ఏటా గెలిచాడు. ఆయన మనిషి ఎత్తు బండరాయి మీదికి ఎక్కడం చూసి మన బండితో కొలుచుకోకండి. కానీ జానెడు మొద్దు దాటే పద్ధతి మాత్రం రెండు బండ్లకీ ఒకటే.

నడక కంటే కొంచెం ఎక్కువ స్పీడు, ఫస్ట్ గేరు. ఫుట్‌రెస్టుల మీద నిలబడండి, మోకాళ్లు కొద్దిగా వంచి, మోచేతులు బయటికి. క్లచ్ మీద ఒక్క వేలే. మొద్దుకి నేరుగా ఎదురుగా రండి, ఏటవాలుగా వద్దు. మొద్దుకి ఒక మీటరు ముందు మోకాళ్లు వంచి బండిని కిందికి నొక్కండి, షాక్‌లు రెండూ కుంగాలి. అవి తిరిగి లేస్తున్నప్పుడే మీరూ లేస్తూ చిన్న రేజ్ ఇవ్వండి. ముందు చక్రం తేలిగ్గా లేస్తుంది. దాన్ని మొద్దు దాటించి అవతల పడెయ్యాలని చూడకండి, మొద్దు పైభాగాన్ని తాకితే చాలు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ముందు చక్రం తాకగానే రేజ్ మూసెయ్యండి. ఛాతీ హ్యాండిల్ మీదికి రావాలి, నడుము ముందుకి పోవాలి. వెనక చక్రం మొద్దుకి చేరేసరికి మీ కాళ్లలో బరువు ఉండకూడదు. మోకాళ్లు మెత్తగా మడిచి బండిని మీ కిందికి రానివ్వండి. పైకి లేచేది బండి, మీరు కాదు. మీ తల ఉన్న ఎత్తులోనే ఉండాలి.

కొత్తవాళ్లందరూ ముందు చక్రం గురించి భయపడతారు. నేనూ మూడు నెలలు దాని మీదే కష్టపడ్డాను. మొద్దు దాటించేది కాళ్లు, అదీ వెనక చక్రం వచ్చే ఆ అర సెకనులో.

తెనాలి ఆర్‌ఎక్స్ | నవంబర్ 11, ఉదయం 7:30

లంక ఊళ్లలో పుట్టినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. మా చిన్నప్పుడు పంట కాలవ మీద తాటి మొద్దులు రెండు పడేసి వంతెన అనేవాళ్లు. మా తాతగారు సైకిల్ వెనక పాల క్యాన్లు కట్టుకుని దాని మీదికి ఎక్కేవారు. చక్రం మొద్దు అంచుకి వచ్చేసరికి సీటు మీంచి లేచి పెడళ్ల మీద నిలబడేవారు. ఎందుకు తాతా అంటే, బరువు తియ్యకపోతే పాలు ఒలికిపోతాయిరా అనేవారు. బ్రాడీపేట గారి పోస్టు చదువుతుంటే ఆయనే గుర్తొచ్చారు.

నరసరావుపేట రైడర్ | నవంబర్ 11, మధ్యాహ్నం 1:10

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఎక్స్‌పల్స్ సీటు 825 మి.మీ., రెండు కాళ్లూ పూర్తిగా నేలకి ఆనవు. అందుకే మొద్దు దగ్గర కాలు దించే అవకాశం నాకు మొదటి నుంచీ లేదు, పద్ధతి నేర్చుకోక తప్పలేదు.

నాకు పనికొచ్చింది చెప్తాను. బండి పక్కన పెట్టి తమ్ముడి సైకిల్ తీసుకోండి. పేవ్‌మెంట్ అంచు ఒకటి చూసుకుని నెమ్మదిగా వెళ్లి ముందు చక్రం ఎక్కించండి, వెంటనే మోకాళ్లు మడిచి ముందుకి వంగండి. సరిగ్గా చేస్తే వెనక చక్రం చప్పుడు లేకుండా ఎక్కుతుంది. తప్పు చేస్తే ఠక్కుమని రిమ్ముకి తగులుతుంది. రోజూ సాయంత్రం అరగంట చొప్పున రెండు వారాలు చేశాను. ఆ తర్వాత బండి మీద మొదటి రోజే 15 సెంటీమీటర్ల మొద్దు దాటాను.

ఇంకొకటి, మొద్దుకి మీటరు ముందు ముగ్గు పిండితో గీత గీయండి. ఎక్కడ కుంగాలో కంటికి ఆనవాలు ఉంటే టైమింగ్ తొందరగా కుదురుతుంది.

ఆటోనగర్ రెంచ్ | నవంబర్ 11, రాత్రి 9:05

నరసరావుపేట అమ్మాయి చెప్పిన సైకిల్ మాట బంగారం.

బ్రాడీపేట గారితో ఒక్క దగ్గర నాకు పేచీ. రేజ్ పూర్తిగా మూసెయ్యమన్నారు. మన బండి బరువుకి అలా మూసేస్తే మొద్దు లావైనప్పుడు ఇంజన్ గార్డు మీద కూర్చుండిపోతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 220 మి.మీ. కదా, అంతకంటే ఎత్తైన మొద్దుకి పొట్ట ఆనుతుంది. అప్పుడు వెనక చక్రం నెట్టకపోతే ఎవరు నెడతారు? 80ల్లో ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు మట్టి రేసులకి తయారుచేసిన చేతులివి. వెనక చక్రానికి కాస్త లాగుడు ఉండాలి.

బ్రాడీపేట 4/14 | నవంబర్ 12, ఉదయం 6:15

మీరన్నది లావు మొద్దుకి నిజమే గురువుగారూ, నేను విడదీసి రాయాల్సింది. ఇరుసు ఎత్తు కంటే బాగా తక్కువ ఉన్న మొద్దుకి ఒక్క రేజ్ చాలు, మిగతాది బండి ఊపే తీసుకెళ్తుంది. అంతకంటే లావైతే రెండో రేజ్ కావాలి. అది ఎప్పుడు ఇస్తామన్నదే ప్రశ్న. ముందు చక్రం మొద్దుని తాకి, ముందు షాక్ (ఫోర్క్) కుంగి తిరిగి లేచే లోపల ఇవ్వాలి. వెనక టైరు మొద్దుని తాకే సమయానికి ఆ రేజ్ అయిపోయి ఉండాలి. తాకాక ఇస్తే బెరడు మీద చక్రం తిరిగిపోయి వెనక భాగం పక్కకి జారుతుంది. లేదా పట్టు దొరికితే వెనకభాగం మనిషిని ఎత్తి కొడుతుంది.

గొల్లపూడి తమ్ముడికి ప్రస్తుతం జానెడులోపు మొద్దే. అతను మూసెయ్యడమే నేర్చుకోవాలి. భయమేసినప్పుడు చెయ్యి తనంతట తను బిగుసుకుని రేజ్ పెరుగుతుంది. దాన్ని వదిలించుకున్నాకే రెండోది.

ఆటోనగర్ రెంచ్ | నవంబర్ 12, ఉదయం 7:00

తాకకముందే అయిపోవాలి అన్నారు చూడండి, దానికి ఒప్పుకుంటాను.

కృష్ణలంక | నవంబర్ 12, రాత్రి 8:30

కొండపల్లి అడవిలోకి వెళ్లి ప్రాక్టీసు చేయొచ్చా? అక్కడ పడిపోయిన చెట్లు బోలెడు.

మంగళగిరి 411 | నవంబర్ 12, రాత్రి 8:52

వద్దు బ్రదర్. అది రిజర్వ్ ఫారెస్ట్. అనుమతి లేకుండా బండ్లు తిప్పితే కేసు అవుతుంది, పైగా బొమ్మలు చేసేవాళ్లకి పొణికి కర్ర దొరికేదే అలాంటి అడవిలో. సొంత పొలమో, తెలిసినవాళ్ల పొలమో చూసుకో.

గొల్లపూడి_200 | నవంబర్ 23, రాత్రి 8:20

రెండు ఆదివారాల రిపోర్టు.

మావయ్యని అడిగి మూడు మొద్దులు ఉంచుకున్నాను. 10, 15, 20 సెంటీమీటర్లవి. మొదట 10 సెంటీమీటర్లది వేస్తే ముందు చక్రం తగలగానే మొద్దు దొర్లిపోయింది, పడబోయి ఆపుకున్నాను. పాలేరు చూసి రెండు వైపులా గూటాలు కొట్టాడు. ఇక కదల్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ పని ముందే చేయండి, దొర్లే మొద్దు చాలా ప్రమాదం.

ట్రయల్స్ పోటీల్లో మార్కులు వేసినట్టే నాకు నేను వేసుకుంటున్నాను. కాలు దించకుండా దాటితే 0, ఒకసారి దించితే 1, రెండుసార్లయితే 2, మూడు లేదా ఎక్కువైతే 3, పడినా ఆగినా 5. ఎన్ని తక్కువ వస్తే అంత మంచిది. 15 సెంటీమీటర్ల మొద్దు మీద మొదటి ఆదివారం పదిసార్లకి 31. ఇవాళ 17.

సైకిల్ ప్రాక్టీసు రోజూ చేస్తున్నాను. కానీ బండి మీద ఒక సమస్య. ముందు చక్రం ఎక్కగానే నా చూపు మొద్దు మీదికి పోతుంది. చూపు కిందికి పోయిన ప్రతిసారీ కాలు దిగుతోంది. అవతల ఒక వేప చెట్టుంది, దాని మొదలు చూస్తూ వెళ్లినప్పుడు మూడు సున్నాలు వరసగా వచ్చాయి.

ఎడమ మణికట్టు కొద్దిగా నొప్పిగా ఉంది. రెండోసారి పడ్డప్పుడు చెయ్యి ఆనించాను.

మొగల్రాజపురం ఫిజియో | నవంబర్ 23, రాత్రి 9:45

నేను బండి నడపను, మా ఆయన నడుపుతారు, ఆయన కోసమే ఈ గ్రూపు చదువుతుంటాను. కానీ ఆ చివరి వాక్యం చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

బొటనవేలు పైకి చాచి చూడండి. మణికట్టు పక్కన బొటనవేలి మొదట్లో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉందా? ఉంటే రేపే ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి చాచి పడినవాళ్లకి అది చిట్లుతుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, అందుకే అనుమానముంటే కట్టు వేసి పది, పద్నాలుగు రోజులకి మళ్లీ తీస్తారు. దానికి రక్తసరఫరా తక్కువ, నిర్లక్ష్యం చేస్తే అతుక్కోదు. బెణికిందిలే అని నెలల తరబడి తిరిగి చివరికి ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లని చూశాను.

పడేటప్పుడు హ్యాండిల్ వదిలేసి చేతులు దగ్గరికి తీసుకుని పక్కకి దొర్లడం అలవాటు చేసుకోండి. చీలమండ పైకి వచ్చే బూట్లు, మోకాలి గార్డులు లేకుండా వెళ్లొద్దు. ఒంటరిగా అసలే వద్దు.

గొల్లపూడి_200 | నవంబర్ 25, సాయంత్రం 6:30

డాక్టరుకి చూపించాను మేడం. గుంటలో నొప్పి లేదు, ఎక్స్‌రే కూడా బాగానే ఉంది, బెణుకే అన్నారు. పది రోజులు బండి ఆపమన్నారు, ఆపేశాను. మీరు రాయకపోతే వెళ్లేవాణ్ని కాదు. చాలా థాంక్స్.

మంగళగిరి 411 | నవంబర్ 30, రాత్రి 10:15

నవంబర్ 9న ఈ థ్రెడ్‌లో స్పీడుగా రమ్మని రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇవాళ ఒక తుమ్మ మొద్దు మీదికి 30లో వెళ్లాను. ముందు రిమ్ము సొట్ట పడింది, ట్యూబుకి రెండు చిల్లులు. హిమాలయన్ 199 కిలోలు, నేను 84. అంత బరువు ఆ స్పీడులో మొద్దుని కొడితే రిమ్ము ఏం తట్టుకుంటుంది? నా మాట విని ఎవరైనా అలా చేసి ఉంటే క్షమించండి.

బ్రాడీపేట 4/14 | డిసెంబర్ 1, ఉదయం 6:40

మీరు వచ్చి చెప్పడం చాలా మంచి పని అన్నా. ఆ రెండు చిల్లుల గురించి ఒక మాట. మొద్దుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగితే అలా జంటగా పడతాయి. ట్రయల్స్ వాళ్ల 5 పీఎస్‌ఐ చూసి మన ట్యూబు టైర్లలో గాలి తీసేస్తే ఇదే జరుగుతుంది. నేను 18 పీఎస్‌ఐ కంటే కిందికి పోను. ఇంటికి వెళ్లే ముందు మళ్లీ నింపుకోవాలి, రోడ్డు మీద ఆ గాలితో నడపకూడదు. చిన్న కాలి పంపు బ్యాగులో ఉంటే చాలు.

ఆటోనగర్ రెంచ్ | డిసెంబర్ 1, ఉదయం 7:20

రిమ్ము తీసుకురా, చూద్దాం. మరీ పగలకపోతే లాగి సరిచేయొచ్చు.

అందరికీ ఒక సంగతి. ఇలా నెమ్మదిగా, హాఫ్ క్లచ్‌లో గంటలు గంటలు చేస్తే ప్లేట్లు మాడతాయి, ఇంజన్ వేడెక్కుతుంది. పది ప్రయత్నాలకోసారి ఆపి బండిని గాలికి నిలబెట్టండి. క్లచ్ కేబుల్‌కి కొద్దిగా ఆట ఉంచండి, అసలు లేకపోతే ప్లేట్లు ఎప్పుడూ జారుతూనే ఉంటాయి. ఇంజన్ కింద ప్లేటు పల్చగా ఉంటే 4 మి.మీ. అల్యూమినియం రేకు వంచి చేయించుకోండి, మా ఆటోనగర్‌లో ఆ పని చేసేవాళ్లు వీధికొకరు ఉన్నారు. నూనె మార్చే బోల్టుకి చెయ్యి పట్టేలా కన్నం పెట్టించడం మర్చిపోకండి. మే నెల ఎండలో ఈ ప్రాక్టీసు ఎవరూ పెట్టుకోవద్దు. మనుషులకీ మంచిది కాదు, బండికీ కాదు.

గొల్లపూడి_200 | జనవరి 4, మధ్యాహ్నం 12:30

మణికట్టు తగ్గాక నాలుగు ఆదివారాలు చేశాను. 20 సెంటీమీటర్ల మొద్దు మీద పోయిన వారం పదిసార్లకి 6 మార్కులు. ఇవాళ పొద్దున్నే 6:30కి మొదలుపెడితే 28. టెన్షన్ వచ్చేసింది, అంతా మర్చిపోయానా అని. వెనక చక్రం మొద్దు మీద పక్కకి జారిపోతోంది. టిఫిన్ చేసి 9:30కి మళ్లీ చేస్తే 5. మొద్దు అదే, మనిషి అదే. ఎందుకిలా?

ఆటోనగర్ రెంచ్ | జనవరి 4, మధ్యాహ్నం 1:15

మంచు బాబూ. ధనుర్మాసం పొద్దున మొద్దు మీద చెయ్యి పెట్టి చూడు, తడి తగులుతుంది. సుబాబుల్ బెరడు తడిస్తే సబ్బు. బెరడు ఊడిన చోట ఇంకా అన్యాయం. ఎండ పడేదాకా ఆగు.

బ్రాడీపేట 4/14 | జనవరి 4, సాయంత్రం 4:40

ఇంగ్లండులో మొద్దు ఎండి ఉండటమే అరుదు, మేం నేర్చుకున్నది తడి మీదే. అక్కడ వాళ్లు చెప్పే కిటుకు ఏంటంటే, తడి మొద్దుకి అసలు ఏటవాలుగా వెళ్లకూడదు, వెనక చక్రం దగ్గర రేజ్ పూర్తిగా సున్నా ఉండాలి, వీలైతే క్లచ్ కూడా నొక్కి చక్రాన్ని ఊరికే దొర్లనివ్వాలి. పొడి మొద్దు చిన్న తప్పులు మనకి కనపడనివ్వదు, తడి మొద్దు ఒక్కటీ వదలదు. కాబట్టి 28 వచ్చినందుకు బాధపడకండి. రేజ్ ఇంకా ఎక్కడో మిగిలి ఉందని అది చెప్తోంది. 15 సెంటీమీటర్ల మొద్దుని నీళ్లతో తడిపి దాని మీద చేసి చూడండి.

గొల్లపూడి_200 | జనవరి 18, రాత్రి 8:50

పండగకి పొలంలోనే ఉన్నాను. భోగి ముందు రోజు ఊళ్లో పిల్లలు వచ్చి మొద్దులు అడిగారు. మావయ్య 10 సెంటీమీటర్లదీ 20 సెంటీమీటర్లదీ ఇచ్చేశాడు, రెండూ భోగి మంటలో పోయాయి. మిగిలింది 15 సెంటీమీటర్లదే. కనుమ వెళ్లిన మర్నాడు బ్రాడీపేట గారు చెప్పినట్టు బిందెతో నీళ్లు పోసి తడి మొద్దు మీదే మొదలుపెట్టాను. మొదటి రోజు 22, నిన్న 11, ఇవాళ 4.

ఇవాళ ఏడోసారి దాటినప్పుడు జరిగింది చెప్పాలి. నరసరావుపేట అక్క సైకిల్ గురించి రాశారే, వెనక చక్రం చప్పుడు లేకుండా ఎక్కుతుందని. అన్నాళ్లూ నాకు టక్, టక్ అని రెండు దెబ్బలు వినపడేవి, ముందుది చిన్నగా, వెనకది గట్టిగా. ఏడోసారి ముందుది వినపడింది, రెండోది లేదు. ఇంకా దాటలేదేమో అనుకుని వెనక్కి చూస్తే మొద్దు నా వెనక ఉంది. మోకాళ్లు ఎప్పుడు మడిచానో నాకే తెలియదు. తర్వాత మూడుసార్లు చేస్తే ఒకసారి మళ్లీ అలాగే అయింది.

కాలవ గట్టు మీద పాత తాటి మొద్దు ఒకటి ఉంది, లావు 30 సెంటీమీటర్లు. గూటాలు కొట్టించి పెట్టాను, ఇంకా ముట్టుకోలేదు. రెండో రేజ్ ఎప్పుడివ్వాలో ఎవరైనా పక్కన నిలబడి చూసి చెప్తే ధైర్యంగా ఉంటుంది.

నరసరావుపేట రైడర్ | జనవరి 18, రాత్రి 9:10

నాకూ 30 ఇంతవరకు కుదరలేదు. వచ్చే ఆదివారం నేను రావచ్చా? గార్డులు, కాలి పంపు తెచ్చుకుంటాను.

బ్రాడీపేట 4/14 | జనవరి 18, రాత్రి 9:25

నేనూ వస్తాను. తాటి మొద్దు మీద పీచు లేచి ఉంటే ముందే కత్తితో చెక్కేయించండి, చైన్‌లో చుట్టుకుంటుంది. మొదటి రోజు మొద్దుకి ఇవతల చిన్నది ఒకటి ఆనించి మెట్టులా పెడదాం. అది అలవాటయ్యాక మెట్టు తీసేద్దాం.

ఆటోనగర్ రెంచ్ | జనవరి 19, ఉదయం 6:45

ఆదివారం షాపు సెలవే. స్పేర్ లివర్లు రెండు పట్టుకొస్తాను. ఎన్నింటికి?

గొల్లపూడి_200 | జనవరి 19, ఉదయం 7:05

మంచు ఆరాలి కదండీ, 9 గంటలకి. లొకేషన్ అందరికీ విడిగా పంపిస్తాను. భోజనం అత్తయ్య వండుతానంది.